కాల్ వస్తే నెట్ ఆగిపోతోందా? ఫోన్ మార్చాలా, సిమ్ మార్చాలా, సెట్టింగు మారిస్తే చాలా

పలాసలో జీడిపప్పు బేరం సగం వాట్సాప్‌లో, సగం ఫోన్ మాటల్లో నడుస్తుంది. పప్పు ఫొటో పంపుతూనే ధర మాట్లాడాలి. కాల్ కలవగానే ఫొటో మీద చక్రం తిరుగుతూ ఉండిపోతుంది, కాల్ పెట్టేసిన మరుక్షణం చకచకా వెళ్ళిపోతుంది. "ఫోను మాటాడతంటే నెట్టు ఆగిపోతంది" అని సెల్ షాపులో చెబితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: ఇది పాతదైపోయింది, 5జీ ఫోను తీసుకోండి. పదిహేను, ఇరవై వేలు పెట్టి కొత్తది కొన్నాక కూడా ఆ ఫొటో అలాగే ఆగిపోవచ్చు. ఇక్కడ చూడాల్సింది ఫోన్ ధర కాదు, కాల్ ఏ దారిన వెళ్తోందన్నది. ఆ దారిని ఫోన్, సిమ్, టవరు, సెట్టింగు నాలుగూ కలిసి తేలుస్తాయి. నాలుగింట్లో ఏది అడ్డం పడుతోందో తెలియకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

వైఫై ఆపండి. ఆ రోజు డేటా కోటా మిగిలి ఉందో లేదో చూసుకోండి. కోటా అయిపోతే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు నెట్ ఉన్నా లేనట్టే ఉంటుంది, పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. తర్వాత ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకు కాల్ చేయించి, ఎత్తి, స్పీకర్ మీద పెట్టండి. కాల్ నడుస్తుండగానే బ్రౌజరులో ఇంతకు ముందెప్పుడూ తెరవని పేజీ ఒకటి తెరవండి. యూట్యూబ్‌తో పరీక్షించొద్దు. అది కొంత వీడియోను ముందే దింపుకుని ఉంచుతుంది కాబట్టి, నెట్ పోయినా కాసేపు ఆడుతూనే ఉంటుంది.

పేజీ వచ్చిందా లేదా అన్నదొక్కటే కాదు, పైన సిగ్నల్ గీతల పక్కనున్న గుర్తు ఏమైందో కూడా చూడాలి. 4జీ అలాగే ఉండి, దగ్గర్లో వోల్టే (కాల్‌ను కూడా 4జీలోనే పంపే పద్ధతి) అనో హెచ్‌డీ అనో కనిపిస్తే కాల్ కూడా 4జీ మీదే నడుస్తున్నట్టు. 4జీ పోయి 3జీ అనో, ఇంగ్లీషు హెచ్ అక్షరమో వస్తే నెట్ నెమ్మదిస్తుంది కానీ ఆగదు. ఇంగ్లీషు ఈ అక్షరమో, జీ అక్షరమో వచ్చిందంటే ఫోన్ 2జీకి దిగిపోయింది, నెట్ ఆగడానికి కారణం అదే. చెవితో పట్టుకోగలిగిన ఆనవాలు కూడా ఒకటుంది. నంబరు నొక్కాక అవతల రింగు వినిపించేలోపు కొన్ని సెకన్లు చడీచప్పుడూ లేకపోతే, ఫోన్ 4జీని వదిలి కింది నెట్‌వర్క్‌ను వెతుక్కుంటోందన్నమాట. వోల్టే కాల్ దాదాపు వెంటనే కలుస్తుంది.

గుర్తేమీ మారకుండా నెట్ మాత్రమే ఆగిందా? అయితే చాలావరకు కాల్ ఒక సిమ్‌ది, నెట్ ఇంకో సిమ్‌ది అయ్యుంటుంది. ఆ చిక్కు గురించి కింద విడిగా చెబుతాం.

వాట్సాప్ కాల్‌లో ఉండగా మామూలు కాల్ ఎత్తితే వాట్సాప్‌ది ఆగిపోవడం వేరే సంగతి. మైకు, స్పీకరు ఒకసారికి ఒక కాల్‌కే. మామూలు కాల్ ఎత్తితే ఫోన్ వాటిని దానికే అప్పగిస్తుంది. లక్ష రూపాయల ఫోన్లోనూ ఇదే వరస. దాన్ని నెట్ లోపంగా లెక్కేయకండి.

ఇంతకీ ఎందుకు ఆగుతుంది

2జీలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో తరంగ మార్గాన్ని కాలం లెక్కన 8 వంతులుగా కోస్తారు. చెరువు తూము కింద ఎనిమిది మడులకు నీటి వంతులు వేసుకున్నట్టు. మాట్లాడే ఫోన్‌కు ఒక వంతు ఇస్తే, కాల్ పెట్టేసేదాకా అది దానిదే. జీపీఆర్ఎస్, ఎడ్జ్ అని పిలిచే 2జీ డేటా వేరే వంతుల్లో, టవరు వెనక వేరే యంత్రాంగం కింద నడుస్తుంది. ఒకే ఫోన్‌కు రెండూ ఒకేసారి దక్కాలంటే ఆ రెండు యంత్రాంగాలు వంతుల్ని కలిపి సర్దాలి. దానికి డ్యుయల్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే ఏర్పాటు ప్రమాణాల్లో ఉంది, కానీ టవర్లలోనూ ఫోన్లలోనూ పెట్టింది అరుదు. అందుకే 2జీ ఫోన్లు దాదాపు అన్నీ క్లాస్ బీ రకం. మాటకూ డేటాకూ రెండిటికీ పేరు నమోదు చేసుకుంటాయి, ఒకసారికి ఒకటే వాడతాయి. కాల్ రాగానే డేటాను పక్కన పెట్టేస్తాయి, అయ్యాక మళ్ళీ అందుకుంటాయి.

ఈ ఆగిన సమయంలో కూడా ఎస్సెమ్మెస్ వస్తుంది. అది సంకేతాల దారిలో వస్తుంది కాబట్టి కాల్ దానికి అడ్డు కాదు. ఓటీపీ వచ్చి కళ్ళెదురుగా ఉంటుంది, యూపీఐ యాప్ మాత్రం ముందుకు కదలదు. పాపం బ్యాంకుకు తిట్లు పడేది ఇక్కడే. (కాల్‌లో ఎవరో చెబుతుండగా డబ్బు పంపడం ఎలాగూ మంచిది కాదు. ఆ లెక్కన 2జీ కొందరి డబ్బు కాపాడే ఉంటుంది.)

3జీలో వంతులు లేవు. 5 మెగాహెర్ట్జ్ మార్గంలో అందరూ ఒకేసారి ఉంటారు, కోడ్లు వేరుచేస్తాయి. ఒకే ఫోన్ మాటకొక కోడు, డేటాకొక కోడు పెట్టుకుని రెండు పనులూ చేసేది. సీడీఎంఏ అనే వేరే పద్ధతిలో నడిచిన ఒకప్పటి రిలయన్స్, టాటా ఇండికామ్ ఫోన్లకు మాత్రం వేరే అడ్డంకి ఉండేది. వాటిలో మాటకు ఒక 1.25 మెగాహెర్ట్జ్ మార్గం, వేగవంతమైన డేటాకు ఇంకొకటి. ఫోన్లో రేడియో ఒక్కటే ఉంటే ఏదో ఒక మార్గం మీదే నిలబడాలి. అమెరికాలో 2011లో వెరైజన్ అమ్మిన ఐఫోన్ 4 పడ్డ ఇబ్బంది కూడా ఇదే.

4జీకి వచ్చేసరికి అంతా ప్యాకెట్లే. పాత పద్ధతి కాల్‌కు అందులో చోటే లేదు. కాబట్టి రెండే దారులు. కాల్ వచ్చినప్పుడల్లా 4జీని వదిలి 3జీకో 2జీకో దిగడం ఒకటి, దీన్ని ఫాల్‌బ్యాక్ అంటారు. మాటను కూడా ప్యాకెట్లుగా చేసి 4జీలోనే పంపడం రెండోది, అదే వోల్టే. వోల్టేలో మాటకు ప్రత్యేకంగా, అన్నిటికంటే ముందు వెళ్ళేలా దారి కేటాయిస్తారు. పక్కన సినిమా డౌన్‌లోడ్ అవుతున్నా గొంతు తెగదు, మాటకైన డేటాను మీ కోటాలో కోసుకోరు.

ఎయిర్‌టెల్ 2020 ప్రాంతంలో 3జీని మూసేసి ఆ తరంగాలను 4జీకి మళ్ళించింది. దాంతో వోల్టే లేని ఫోన్లు కాల్ రాగానే నేరుగా 2జీలోకి పడ్డాయి. "మొన్నటిదాకా బాగానే పనిచేసింది, ఉన్నట్టుండి పాడైంది" అని చాలామంది అనుకున్న ఫోన్లు పాడవలేదు. మధ్యలో మెట్టు తీసేశారు, అంతే.

ఏ సిమ్

జియోకు 2016 సెప్టెంబరులో మొదలైన రోజు నుంచీ 2జీ, 3జీ లేవు. కాల్ కలిసిందంటే అది 4జీ మీదో, ఆ పైనో. కాబట్టి జియో సిమ్ మీద కాల్, అదే సిమ్ మీద డేటా అయితే ఈ సమస్య పుట్టదు. దీనికి చెల్లించే ధర ఏమిటంటే, 4జీ అందని చోట కాల్ కూడా ఉండదు. మాట్లాడుతూ 4జీ దాటిపోతే కాల్ తెగిపోతుంది, కింద పట్టుకునే మెట్టు లేదు.

ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా)లకు 4జీ వోల్టేతో పాటు 2జీ కూడా నడుస్తోంది. మీరు మాట్లాడుతుండగా 4జీ పల్చబడితే కాల్‌ను తెగనివ్వకుండా 2జీ మీదికి జరిపే ఏర్పాటు ఉంటుంది. మాట సాగుతుంది, నెట్ ఆగుతుంది. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కే బస్సులో కొండ మలుపుల చాటున జరిగేది ఇలాంటిదే. ఎంపిక ఇక్కడ తేలిక: సిగ్నల్ తగ్గినప్పుడు ఏది పోయినా ఫర్వాలేదో మీరు చెప్పుకోవాలి. కొండ ఊళ్ళలో తిరిగే ఏఎన్‌ఎమ్‌కో, అంబులెన్సు డ్రైవరుకో నెట్ పోయినా మాట నిలవాలి. వాళ్ళ కాల్ సిమ్ 2జీ ఉన్న కంపెనీదే అయ్యుండాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్టులో కూర్చుని ఆర్డర్లు తీసుకునేవాళ్ళకు ఆ బెంగ లేదు. రెండూ కలిసి నడవడమే వాళ్ళకు ముఖ్యం.

బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి దేశమంతటికీ ప్రారంభించారు. ఈ సిమ్ వాడేవాళ్ళు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, చేతిలోని సిమ్ 2జీ, 3జీ కాలం నాటిదైతే కస్టమర్ సర్వీస్ సెంటరులో 4జీ సిమ్‌గా మార్పించుకోవాలి. ఆధార్‌తో పాటు నంబరు ఎవరి పేరున ఉందో ఆ మనిషే వెళ్ళాలి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేసే నిబంధన అన్ని కంపెనీలకూ ఉంది. అంటే ఓటీపీలు రావు. కరెంటు బిల్లు గడువు రోజునో, పిల్లల ఫీజు కట్టే రోజునో ఈ పని పెట్టుకోకండి. రెండు, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ ముఖ్యంగా 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. 700ను బ్యాండ్ 28 అంటారు. చాలా పాత 4జీ ఫోన్లలో అది లేదు. అలాంటి ఫోన్ 700 మీద మాత్రమే 4జీ వేసిన టవరు కింద నిలబడినా 4జీ కనిపించదు. మూడు, ఆ నంబరుకు వోల్టే సేవ తెరిచారో లేదో అక్కడే అడగండి. తెరవకపోతే నెట్ 4జీలో పరుగెత్తుతుంది, కాల్ రాగానే కిందికి దిగుతుంది.

ఇచ్ఛాపురం, పాతపట్నం లాంటి సరిహద్దు చోట్ల ఇంకోటి. ఫోన్ కొన్నిసార్లు ఒడిశా సర్కిల్ టవరును పట్టుకుని ఇంగ్లీషు ఆర్ గుర్తు చూపిస్తుంది. డేటా రోమింగ్ ఆపి ఉంటే కాల్ బాగానే వెళ్తుంది, నెట్ ఉండదు. కాల్ లేనప్పుడు కూడా నెట్ లేదంటే అనుమానం అటు పోవాలి.

రెండు సిమ్ముల చిక్కు

ఒక నంబరు చుట్టాలకూ, బ్యాంకుకూ ఎప్పటినుంచో ఇచ్చి ఉంటుంది. రెండోది చవకగా డేటా వస్తుందని తీసుకున్నది. మొదటిది కాల్స్‌కు, రెండోది నెట్‌కు. వినడానికి సుబ్బరంగా ఉంది, కానీ ఈ అమరిక వల్లే వోల్టే ఉన్న మంచి ఫోన్లలోనూ నెట్ ఆగుతుంది.

మామూలు రెండు సిమ్ముల ఫోన్లను డ్యుయల్ స్టాండ్‌బై అంటారు. రెండు సిమ్‌లూ వేచి ఉంటాయి కానీ పనిచేసే రేడియో ఒక్కటే. మొదటి సిమ్ మీద కాల్ ఎత్తగానే రేడియో అటు వెళ్ళిపోతుంది, రెండో సిమ్ డేటా నిలిచిపోతుంది. ఆ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి ఉంటే దానికి తగిలించుకున్న లాప్‌టాప్, పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు, అన్నీ నిలిచిపోతాయి. కొట్టులో క్యూఆర్ సౌండ్‌బాక్సు మాత్రం మోగుతూనే ఉంటుంది, దాని సిమ్ దానిదే.

దీనికి ఖర్చులేని మందు ఒకటుంది. సిమ్ సెట్టింగుల్లో 'ఆటో డేటా స్విచింగ్', 'కాల్ సమయంలో డేటా మార్చు' లాంటి పేరుతో ఒక మీట ఉంటుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీలోనే, డేటా స్విచింగ్‌ను అనుమతించు అని. దాన్ని ఆన్ చేస్తే, మొదటి సిమ్ మీద మాట్లాడినంతసేపు నెట్ కూడా మొదటి సిమ్ నుంచే తీసుకుంటుంది, కాల్ అయ్యాక రెండోదానికి తిరిగొస్తుంది. ఇది పనిచేయాలంటే రెండు షరతులు. మొదటి సిమ్‌లో వోల్టే నడుస్తుండాలి. ఆ సిమ్ ప్యాకులో ఎంతోకొంత డేటా ఉండాలి. ఎక్కువగా తప్పేది రెండో షరతే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక కంపెనీలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు తెచ్చాయి. డబ్బు మిగుల్తుందని కాల్ సిమ్‌కు అది వేయిస్తే, మీట ఆన్‌లో ఉన్నా మారడానికి అటువైపు డేటానే లేదు.

కాబట్టి రెండు సిమ్‌లు తప్పదంటే మా సలహా ఇది. ఎక్కువ కాల్స్ వచ్చే నంబరుకే డేటా ప్యాకు వేయండి, దాన్నే డేటా సిమ్‌గా పెట్టండి. రెండోదాన్ని కనీస రీచార్జితో బతికించండి. డేటా సిమ్, కాల్ సిమ్ ఒకటే అయినప్పుడు స్విచింగ్ అవసరమే రాదు.

పాత రెండు సిమ్ముల ఫోన్లలో స్లాట్ కూడా చూడాలి. 2018కు ముందు వచ్చిన చాలా ఫోన్లు ఒక్క సిమ్‌కే 4జీ ఇచ్చేవి, రెండోది 2జీ లేదా 3జీ మీదే ఉండిపోయేది. అలాంటి ఫోన్లో 4జీ లేనివైపు జియో వేస్తే అసలు సిగ్నలే రాదు. పెట్టె మీద 'డ్యుయల్ 4జీ వోల్టే' అని ఉంటేనే రెండు వైపులా సమానం.

సెట్టింగుల్లో చూడాల్సినవి

ఆండ్రాయిడ్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళి, రెండు సిమ్‌లను విడివిడిగా తెరిచి, వోల్టే లేదా 4జీ కాలింగ్ మీట ఆన్‌లో ఉందో చూడండి. ఒక సిమ్‌కు ఆన్ చేస్తే రెండోదానికి దానంతటదే అవ్వదు. పాత ఐఫోన్లలో ఎల్‌టీఈ (4జీకి ఇంకో పేరు) దగ్గర 'డేటా మాత్రమే' అని ఉంటే 'వాయిస్, డేటా' అని మార్చాలి. మీటే కనిపించకపోతే ముందు ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, సిమ్ తీసి మళ్ళీ వేసి, ఒకసారి ఆపి ఆన్ చేయండి. డయలర్‌లో *#*#4636#*#* కొడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పరీక్షా పేజీ తెరుచుకుంటుంది. అందులో ఐఎంఎస్ స్థితి రిజిస్టర్డ్ అని ఉంటే వోల్టే తయారుగా ఉన్నట్టు. అదే పేజీలో 'ఎల్‌టీఈ ఓన్లీ' అని పెట్టుకోమని కొందరు చెబుతారు. వోల్టే లేని ఫోన్లో అలా పెడితే నెట్ ఆగదు, నిజమే. కాల్స్ రావడమే మానేస్తాయి.

ఇంట్లో సమస్య అయితే వైఫై కాలింగ్

శ్లాబు ఇంట్లో లోపలి గదిలోనో, ఉద్దానం కొబ్బరితోటల మధ్యనో 4జీ పల్చబడుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలకు గోడలన్నా, ఆకులన్నా పడదు. జియో వాడే వాటిలో 2300 మెగాహెర్ట్జ్ తరంగం 850 మెగాహెర్ట్జ్ తరంగం కంటే ముందే చతికిలపడుతుంది. ఇంటికి ఫైబర్ నెట్ ఉంటే దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే కాల్ రౌటరు దారినే వెళ్తుంది, నెట్ కూడా అక్కడినుంచే. టవరు సిగ్నల్ ఒక్క గీత లేకపోయినా ఫర్వాలేదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి, వేరే చార్జీ లేదు. మాట్లాడుతూ గుమ్మం దాటితే కాల్ వోల్టేకు మారాలి. బయట 4జీ బలహీనమైతే ఆ మలుపులోనే తెగుతుంది. కరెంటు పోతే రౌటరు పోతుంది కాబట్టి, దానికి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకుంటే మేలు.

ఏ ఫోన్

ఈ ఒక్క సమస్య కోసమే అయితే రెండు సిమ్‌లకూ 4జీ వోల్టే, వైఫై కాలింగ్, ఆటో డేటా స్విచింగ్ ఉన్న ఏ మామూలు ఫోనైనా చాలు. బీఎస్‌ఎన్‌ఎల్ వాడితే బ్యాండ్ 28 కూడా ఉండాలి. 5జీ దీనికి మందు కాదు. ఎయిర్‌టెల్ మొదట వేసిన తరహా 5జీలో కాల్ 4జీ వోల్టే మీదే నడుస్తుంది. జియో తరహాలో 5జీ మీదే కాల్ వెళ్ళే వీలుంది. ఆ సౌకర్యం లేని ఫోన్ అయితే కాల్ రాగానే 5జీ గుర్తు 4జీకి మారి, అయ్యాక తిరిగొస్తుంది. వేగం తగ్గుతుంది, నెట్ ఆగదు. దాన్ని చూసి ఫోన్ పాడైందని కంగారుపడొద్దు.

రెండు సిమ్‌లూ నిజంగా ఒకేసారి పనిచేయాలంటే డ్యుయల్ యాక్టివ్ రకం కావాలి. క్వాల్‌కామ్ ఎక్స్70 మోడెమ్ తరం నుంచి ఆ శక్తి ఉంది. చిప్‌లో ఉన్నంత మాత్రాన చాలదు, ఫోన్ తయారుచేసినవాళ్ళు దాన్ని తెరిచి ఉండాలి. ఇవి ఎక్కువగా ఖరీదైన ఫోన్లు. రోజంతా ఒక నంబరు మీద మాట్లాడుతూ రెండో నంబరు డేటాతోనే పనిచేయాల్సినవాళ్ళకు తప్ప ఆ ఖర్చు దండగ. అదే అవసరానికి చిన్న 4జీ వైఫై డాంగిల్‌లో డేటా సిమ్ వేసి జేబులో పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే ఫోన్ల మాట. ఫోన్ మంచిదే, బ్యాండ్లు కూడా చాలావరకు సరిపోతాయి. కానీ ఫలానా కంపెనీ వోల్టే ఫలానా మోడల్లో పనిచేయాలంటే ఆ కంపెనీ వివరాలు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. విదేశీ రకానికి అవి లేకపోతే ఎంత ఖరీదైనదైనా కాల్‌కు 2జీకే దిగుతుంది, జియో సిమ్‌తో అయితే కాల్ వెళ్ళదు. అమెరికాలో ఏదైనా కంపెనీకి లాక్ చేసి అమ్మిన ఫోన్‌కు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. వాడిన ఫోన్ శ్రీకాకుళంలో కొన్నా, బొబ్బిలిలో కొన్నా, డబ్బు ఇవ్వకముందే మీ సిమ్‌లు రెండూ అందులో వేయించండి. ఐదు నిమిషాలు ఆగి, కొట్టు వైఫై ఆపించి, పైన చెప్పిన పరీక్షను ఒక్కో సిమ్‌తో ఒక్కసారి చేయండి. "తర్వాత అప్‌డేట్ వస్తుంది" అన్న మాట మీద మాత్రం కొనకండి.